గుండెకు గుండే తోడు

చికిత్స తర్వాత వెంటాడే భయానికి తోటి రోగి మాటే ఊరట
మందుల విషయంలో మాత్రం వైద్యుడి మాటే శిరోధార్యం

కలికిరి: గుండెకు స్టెంటు వేశారు. మూసుకుపోయిన రక్తనాళం తెరుచుకుంది. మూడో రోజున ఇంటికి పంపించారు. వైద్యుల లెక్క ప్రకారం చికిత్స విజయవంతమైనట్లే. కానీ ఇల్లు చేరిన మనిషికి నిద్ర పట్టదు. ఎడమవైపు తిరిగి పడుకోవాలంటే భయం. ఛాతీలో చిన్నగా చురుక్కుమన్నా మళ్లీ వచ్చిందేమోనన్న గుబులు. పొలంలో మోటారు వేసి రావాలన్నా పక్కన ఒకరు ఉండాల్సిందే. ఇంట్లోవారు ‘నీకేమీ కాదు’ అంటారు. ఆ మాటతో భయం పోదు. అదే మాటను, రెండేళ్ల కిందట అదే చికిత్స చేయించుకుని నేడు తన పని తాను చేసుకుంటున్న పక్క వీధి మనిషి వచ్చి చెబితే సగం భారం దిగిపోతుంది.

గుండె చికిత్స చేయించుకున్నవారు ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవడం పైకి మామూలు పరామర్శగానే కనిపిస్తుంది. దాని వెనుక ఏడు దశాబ్దాలకు పైబడిన అనుభవం, పలు దేశాల్లో జరిగిన అధ్యయనాలు ఉన్నాయి. కలికిరి, పీలేరు, వాయల్పాడు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో స్టెంటు వేయించుకున్నవారు, బైపాస్ చేయించుకున్నవారు, గుండె కవాటాలు మార్పించుకున్నవారు ఊరూరా కనిపిస్తున్నారు. ఒకరి అనుభవం మరొకరికి చేరడం మాత్రం ఎక్కువగా యాదృచ్ఛికంగానే జరుగుతోంది.

నాలుగు దిక్కులా ఆసుపత్రులు

ఈ ప్రాంత ప్రజలు గుండె వైద్యానికి ఒకే ఊరికి వెళ్లరు. కలికిరి, పీలేరు పరిసరాల వారికి తిరుపతి దగ్గర. 1993లో సేవలు ప్రారంభించిన స్విమ్స్ ఆసుపత్రి అక్కడే ఉంది. చిన్నారుల గుండె చికిత్సలకు 2021 అక్టోబరులో తిరుపతిలోనే శ్రీ పద్మావతి హృదయాలయం ఏర్పాటైంది. పుంగనూరు, చిత్తూరు వైపు వారిలో పలువురు వేలూరు సీఎంసీకి వెళతారు. అక్కడ 1961లోనే ఓపెన్ హార్ట్ శస్త్రచికిత్స జరిగింది. కుప్పం, మదనపల్లె వారికి బెంగళూరు అందుబాటులో ఉంది. జయదేవ హృద్రోగ సంస్థ, వైట్‌ఫీల్డ్‌లోని సత్యసాయి ఆసుపత్రి వంటివి అక్కడున్నాయి. 1991లో పుట్టపర్తిలో ప్రారంభమైన సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ పేదలకు ఉచితంగా గుండె శస్త్రచికిత్సలు చేస్తూ పేరు పొందింది.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పథకం ప్రారంభమయ్యాక, అంతకుముందు అప్పు చేస్తే తప్ప అందని చికిత్సలు తెల్లరేషన్‌కార్డు ఉన్న కుటుంబాలకు చేరువయ్యాయి. 2024లో ఈ పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవగా మారింది. దీంతో బయటపడిన ప్రాణాలు అనేకం. అదే సమయంలో మరో పరిస్థితి తలెత్తింది. ఒకే వార్డులో పక్కపక్క మంచాలపై ఉన్నవారు డిశ్చార్జి కాగానే వేర్వేరు జిల్లాలకు వెళ్లిపోతారు. ఒకే ఊరిలో ఉన్న ఇద్దరు రోగులు వేర్వేరు ఆసుపత్రుల్లో చికిత్స పొందినందున ఒకరి సంగతి మరొకరికి తెలియదు.

నాటి ఆరోగ్యవరం.. నేటి నాలుగు గోడలు

రోగం నుంచి కోలుకోవడం ఎంత పెద్ద పనో మదనపల్లె ప్రాంతానికి కొత్తగా చెప్పనవసరం లేదు. 1912లో డెన్మార్క్‌కు చెందిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో మొదలైన క్షయ చికిత్సాలయం మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో స్థిరపడి దేశవ్యాప్తంగా పేరు తెచ్చుకుంది. క్షయకు మందులు లేని ఆ కాలంలో విశ్రాంతి, పోషకాహారం, స్వచ్ఛమైన గాలే చికిత్స. రోగులు నెలల తరబడి ఒకేచోట ఉండేవారు. కొత్తగా చేరిన రోగికి, కోలుకుని ఇంటికి వెళుతున్న రోగి కళ్లెదుటే కనిపించేవాడు.

నేటి గుండె వైద్యం ఇందుకు పూర్తిగా భిన్నం. యాంజియోప్లాస్టీ చేయించుకున్న వ్యక్తి సాధారణంగా రెండు మూడు రోజుల్లో, బైపాస్ చేయించుకున్న వ్యక్తి వారం పది రోజుల్లో ఇల్లు చేరతాడు. వైద్యం వేగవంతం కావడం మేలే. అయితే కోలుకునే కాలమంతా ఆసుపత్రి నుంచి ఇంటికి మారింది. వైద్యుడు, నర్సు, తోటి రోగి ఎవరూ లేని నాలుగు గోడల మధ్య ఆ కాలాన్ని గడపవలసి వస్తోంది. మనిషికి తోడు ఎక్కువ అవసరమయ్యేది ఆ వారాల్లోనే.

భయం ఎక్కడి నుంచి వస్తుంది?

చేయి విరిగిన మనిషి చేతి గురించి బాధపడతాడు. గుండె దెబ్బతిన్న మనిషి బతుకు గురించే బెంగపడతాడు. బైపాస్‌లో ఛాతీ మధ్య ఎముకను కోసి తిరిగి తీగలతో బిగిస్తారు. అది అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆలోగా దగ్గినా, తుమ్మినా కుట్లు తెగుతాయేమోనన్న అనుమానం పీడిస్తుంది. రక్తనాళం తీసిన కాలు వాస్తుంది. ఆకలి మందగిస్తుంది. పగలు కునుకు, రాత్రి జాగారం. కారణం లేకుండా కన్నీళ్లు వస్తాయి. ఊరి పెద్దగా పదిమందికి తీర్పు చెప్పిన మనిషి కూడా చిన్న మాటకే కంటతడి పెడతాడు. ఇవన్నీ తొలి వారాల్లో చాలామందిలో కనిపించేవే. ఆ సంగతి ముందుగా చెప్పేవారు లేకపోవడంతో తనకొక్కడికే ఇలా జరుగుతోందని రోగి కుంగిపోతాడు.

గుండెపోటు వచ్చిన ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరు తీవ్రమైన కుంగుబాటుకు లోనవుతున్నట్లు వైద్య పరిశోధనలు తెలుపుతున్నాయి. దీనిని మనసుకు సంబంధించిన సంగతిగా కొట్టిపారేయడానికి వీల్లేదు. కెనడాలోని మాంట్రియల్‌లో 222 మంది గుండెపోటు బాధితులను పరిశీలించి 1993లో వెలువరించిన అధ్యయనంలో, కుంగుబాటు ఉన్నవారికి తొలి ఆరు నెలల్లో మరణ ముప్పు మిగిలినవారి కంటే నాలుగు రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది. కుంగిపోయిన మనిషి మాత్రలు సరిగా వేసుకోడు, నడవడు, పరీక్షలకు వెళ్లడు, మానేసిన బీడీ మళ్లీ ముట్టిస్తాడు. దీనికి తోడు మనసులోని ఒత్తిడి రక్తపోటుపైనా, గుండె లయపైనా నేరుగా ప్రభావం చూపుతుంది.

1992లో అమెరికాలో వెలువడిన మరో అధ్యయనం మనసు విప్పి చెప్పుకొనే మనిషి ఉండటం ఎంత ముఖ్యమో వివరించింది. గుండెపోటుతో ఆసుపత్రిలో చేరిన వృద్ధుల్లో, కష్టసుఖాలు పంచుకునేందుకు ఎవరూ లేనివారు ఆరు నెలల్లోగా మరణించడం గణనీయంగా ఎక్కువగా కనిపించింది.

పక్క మంచం నేర్పిన పాఠం

తోటి రోగి మాటకు బలం ఎందుకన్న ప్రశ్నకు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు జేమ్స్ కులిక్, హైక్ మాలర్ ఆసక్తికరమైన సమాధానం కనుగొన్నారు. బైపాస్ కోసం ఆసుపత్రిలో చేరినవారి గదిలో రెండో మంచంపై ఎవరున్నారన్నది వారు పరిశీలించారు. అప్పటికే శస్త్రచికిత్స పూర్తయిన రోగి పక్కన ఉన్నవారిలో ఆందోళన తక్కువగా కనిపించింది. శస్త్రచికిత్స తర్వాత వారు ఎక్కువగా నడిచారు. త్వరగా ఇంటికి వెళ్లారు. 1987లో తొలిసారి వెల్లడించిన ఈ ఫలితాన్ని 84 మంది పురుషులపై చేసిన విస్తృత అధ్యయనంతో 1996లో మరోసారి ధ్రువీకరించారు. గదిలో ఒంటరిగా ఉన్నవారే అందరికంటే నెమ్మదిగా కోలుకున్నారు.

ఇందులోని కిటుకు సులువుగానే అర్థమవుతుంది. రేపు తనకు జరగబోయేది నిన్ననే జరిగిన మనిషి కళ్లముందు లేచి కూర్చుంటున్నాడు, కాఫీ తాగుతున్నాడు. నొప్పి ఎంత ఉంటుందో, ఎన్ని రోజులకు తగ్గుతుందో అతడు తన మాటల్లో చెబుతాడు. వైద్యుడు చెప్పినప్పుడు అది సమాచారం మాత్రమే. అనుభవించిన మనిషి చెప్పినప్పుడు కంటికి కనిపించే సాక్ష్యం.

ఈ సంగతిని రోగులే స్వయంగా గుర్తించిన ఉదంతం అంతకంటే పాతది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల గుండెల్లో దిగిన లోహపు ముక్కలను తొలగించి ప్రఖ్యాతి పొందిన శస్త్రవైద్యుడు డ్వైట్ హార్కెన్, యుద్ధం తర్వాత అమెరికాలోని బోస్టన్‌లో గుండె కవాటాలకు శస్త్రచికిత్సలు చేసేవారు. అప్పట్లో గుండెపై కత్తి పెట్టడమే సాహసం. ఆయన వద్ద చికిత్స పొంది బతికి బయటపడిన నలుగురు రోగులు 1951లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. దానికి ‘మెండెడ్ హార్ట్స్’, అంటే బాగుపడిన గుండెలు, అని పేరు పెట్టుకున్నారు. శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్న వారి దగ్గరికి, కోలుకుంటున్న వారి దగ్గరికి వెళ్లి ధైర్యం చెప్పడం వారి పని. నలుగురితో మొదలైన ఆ సంఘం అమెరికా అంతటా శాఖలుగా విస్తరించి నేటికీ కొనసాగుతోంది. ఇలా పరామర్శకు వెళ్లేవారికి ముందుగా శిక్షణ ఇస్తారు. వైద్య సలహాలు ఇవ్వరాదన్నది అందులో ముఖ్యమైన నియమం.

విశ్రాంతి పేరిట బందీలు

మన పల్లెల్లో రోగికి మద్దతు తక్కువేమీ కాదు. చుట్టాలు, ఇరుగుపొరుగు కదలి వస్తారు. అయితే ఆ ప్రేమే ఒక్కోసారి అడ్డంకిగా మారుతుంది. ‘లేవొద్దు, నడవొద్దు, మాట్లాడొద్దు’ అంటూ మంచానికే పరిమితం చేస్తారు. పరామర్శకు వచ్చినవారు గుండెపోటుతో పోయినవారి కథలన్నీ ఏకరువు పెడతారు. ‘ఇక బరువు పనులు జన్మలో చేయకూడదట’ అని ఒకరు, ‘స్టెంటు పదేళ్లే పని చేస్తుందట’ అని మరొకరు తోచినట్లు తీర్పులిస్తారు.

ఒకప్పుడు వైద్యులూ ఇలాగే భావించేవారు. గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. 1952లో అమెరికా వైద్యులు శామ్యూల్ లెవీన్, బెర్నార్డ్ లౌన్ రోగులను తొలిరోజుల్లోనే కుర్చీలో కూర్చోబెట్టి, అది క్షేమమేనని చూపారు. నేడు శస్త్రచికిత్స జరిగిన ఒకటి రెండు రోజులకే లేపి నడిపిస్తున్నారు. ఇంటికి వచ్చాక వైద్యుడు చెప్పిన మేరకు సమతల నేలపై కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి నడకను క్రమంగా పెంచుకోవాలి. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్లు. మాట రానంతగా ఆయాసం వస్తే తగ్గించాలి. ఎముక అతికేదాకా నీళ్ల బిందె, టమోటా క్రేటు, గడ్డిమోపు వంటివి ఎత్తకూడదు. వాటికి గడువు ఉంది. ఆ గడువు తీరాక, గుండె పనితీరును పరీక్షించి వైద్యుడు అనుమతిస్తే, చాలామంది తిరిగి సేద్యం పనులకు వెళ్లగలుగుతారు. ఇదే సంగతి అప్పటికే పొలానికి వెళుతున్న మరో రైతు నోట వింటే భయపడుతున్న రైతు తేలిగ్గా నమ్ముతాడు.

ఆడవారి పరిస్థితి వేరు

మగవారిని విశ్రాంతి పేరిట కట్టిపడేస్తే, ఆడవారికి అసలు విశ్రాంతే దొరకదు. ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే పొయ్యి దగ్గరికి, పశువుల దగ్గరికి వెళ్లక తప్పని ఇళ్లు అనేకం. నీరసంగా ఉందని చెప్పుకోవడానికీ మొహమాటపడతారు. గుండె చికిత్స అనంతర శిక్షణ, వ్యాయామ కార్యక్రమాల్లో మహిళల హాజరు మగవారి కంటే తక్కువగా ఉండటం ప్రపంచమంతటా కనిపిస్తున్నదే.

చిన్నతనంలో గొంతునొప్పి తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరం వల్ల గుండె కవాటాలు దెబ్బతిన్న యువతుల బాధ మరోరకం. మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేయించుకోవాలి. ఛాతీపై మచ్చ ఉంటే పెళ్లి సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో జబ్బునే దాచిపెట్టే కుటుంబాలున్నాయి. దాచడం వల్ల సూదులు మానేస్తారు. మానితే కవాటం మరింత పాడవుతుంది. లోహపు కవాటం అమర్చుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్రలు వేసుకోవాలి. వాటిలో కొన్ని గర్భస్థ శిశువుకు హాని చేసే ప్రమాదం ఉన్నందున గర్భం దాల్చకముందే గుండె వైద్యుడిని, ప్రసూతి వైద్యురాలిని సంప్రదించడం తప్పనిసరి. ఇలాంటి విషయాలు మామగారి ముందో, భర్త ముందో అడగలేని యువతి, అదే దారిలో నడిచిన మరో మహిళ వద్ద నోరు విప్పగలదు. కవాటం చికిత్స తర్వాత పెళ్లి చేసుకుని, వైద్యుల పర్యవేక్షణలో బిడ్డను కన్న మహిళ ఒకరు ఆమె ఎదుట కూర్చుంటే అంతకు మించిన ధైర్యం లేదు.

దాంపత్య జీవితం గురించిన సందేహాలు మగవారిలోనూ చాలామందికి ఉంటాయి. అడగడానికి సిగ్గుపడి ఏళ్ల తరబడి దూరంగా ఉండిపోయేవారున్నారు. రెండంతస్తుల మెట్లు ఆయాసం, ఛాతీనొప్పి లేకుండా ఎక్కగలిగితే సాధారణంగా ఇబ్బంది ఉండదన్నది వైద్యులు చెప్పే గుర్తు. అయినా వైద్యుడిని అడిగి నిర్ధారించుకోవడమే మంచిది.

భార్యాపిల్లల భయం కూడా చిన్నది కాదు. రాత్రివేళ భర్త ఊపిరి తీస్తున్నాడో లేదోనని లేచి చూసుకునే ఇల్లాలికీ ఊరట కావాలి. అందుకే తోటి రోగిని కలిసేటప్పుడు ఇంటివారిని వెంట తీసుకెళ్లడం మేలు.

ధైర్యం పంచుకోండి.. మాత్రలు కాదు

తోటి రోగి మాటకు ఉన్న ఈ బలమే హద్దు దాటితే ప్రాణం మీదికి తెస్తుంది. ‘నాకు ఏడాదికే ఆపేశారు, నువ్వూ ఆపెయ్’ అన్న ఒక్క మాట చాలు. స్టెంటు వేసిన తర్వాత రక్తం గడ్డకట్టకుండా సాధారణంగా రెండు రకాల మాత్రలు ఇస్తారు. వాటిని ఎన్ని నెలలు వాడాలన్నది ఏ రకం స్టెంటు, గుండెపోటు వచ్చిందా లేదా, రక్తస్రావం ముప్పు ఎంత అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. గుండెపోటు వచ్చినవారికి సాధారణంగా ఏడాది పాటు రెండూ కొనసాగిస్తారు. మధ్యలో సొంతంగా ఆపితే స్టెంటులో రక్తం గడ్డకట్టి హఠాత్తుగా మూసుకుపోయే ప్రమాదం ఉంది. పన్ను పీకించుకోవడానికో, మరో శస్త్రచికిత్సకో ఆపాల్సి వస్తే గుండె వైద్యుడిని అడిగిన తర్వాతే నిర్ణయించాలి.

కవాటం మార్పించుకున్నవారి మాత్రల మోతాదును ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష ఆధారంగా నిర్ణయిస్తారు. ఇద్దరికి ఒకే మోతాదు సరిపోదు. ఆకుకూరలు ఒక వారం అసలు తినకుండా మరో వారం అదేపనిగా తిన్నా, నాటుమందులు వాడినా ఫలితం మారిపోతుంది. నొప్పుల మాత్రలు అడగకుండా కొనుక్కోవడమూ ప్రమాదకరమే. కాబట్టి ఒకరి చీటీ మరొకరికి పనికిరాదు.

తోడు ఉంటే ఆయుష్షు తప్పక పెరుగుతుందని చెప్పడమూ అతిశయోక్తే. అమెరికాలో కుంగుబాటు, ఒంటరితనం ఉన్న 2,481 మంది గుండెపోటు బాధితులపై జరిపిన పెద్ద పరీక్ష ఫలితాలు 2003లో వెలువడ్డాయి. నిపుణుల సలహా పొందినవారిలో కుంగుబాటు తగ్గింది, నలుగురితో కలవడం పెరిగింది. మరణాలు, మళ్లీ గుండెపోటు రావడం మాత్రం తగ్గలేదు. మన దేశంలో 24 ఆసుపత్రుల్లో 3,959 మంది గుండెపోటు బాధితులపై యోగా ఆధారిత శిక్షణతో జరిపిన అధ్యయనం 2020లో ప్రచురితమైంది. మరణాలు, గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పు తగ్గినట్లు అందులోనూ కచ్చితంగా తేలలేదు. అయితే శిక్షణ పొందినవారు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందని చెప్పారు. పూర్వపు పనులకు వారు మెరుగ్గా తిరిగి వెళ్లగలిగారు. కూలీనాలీపై బతికే కుటుంబానికి ఆ మనిషి మళ్లీ పనిలోకి వెళ్లడం చిన్న విషయమేమీ కాదు.

ఖర్చు లేని ఏర్పాటు

దీనికి భవనాలు, నిధులు అవసరం లేదు. నెలనెలా రక్తపోటు, మధుమేహం మాత్రల కోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చేవారిలో గుండె చికిత్స చేయించుకున్నవారూ ఉంటారు. వారు ఒకే రోజున వచ్చేలా చూసుకుని, వేపచెట్టు కింద ఓ అరగంట కూర్చుంటే చాలు. ఊరిలో ఎవరికి ఏ చికిత్స జరిగిందో ఆశా కార్యకర్తలకు తెలిసే ఉంటుంది. రోగి ఇష్టపడితేనే, అతడి అనుమతితోనే, ఇద్దరినీ కలపవచ్చు. అనుబంధ ఆసుపత్రుల్లోని ఆరోగ్యమిత్రలు ఒకే మండలం నుంచి వచ్చిన రోగులను డిశ్చార్జికి ముందే పరిచయం చేయవచ్చు. తిరుపతి, వేలూరు, బెంగళూరులకు పరీక్షల కోసం వెళ్లేవారు ఒకే రోజు బయలుదేరితే దారి ఖర్చు, తోడు రెండూ కలిసివస్తాయి.

ధైర్యం చెప్పడానికి వెళ్లేవారు తాము పూర్తిగా కోలుకున్నాకే ఆ పని చేపట్టాలి. తన కథ చెప్పడం కంటే ఎదుటివాడి భయం వినడం ముఖ్యం. ‘భయపడకు’ అనే ముందు ‘నాకూ ఇలాగే అనిపించేది’ అనాలి. తన కష్టాలను పెంచి చెప్పకూడదు, ఏ కష్టమూ లేదని అబద్ధమాడకూడదు. ఆసుపత్రులను, వైద్యులను పోల్చడం, మందులు మార్చమనడం, ఖర్చులు అడగడం తగదు. తెలియని ప్రశ్న ఎదురైతే కాగితంపై రాయించి తర్వాతి పరీక్షకు వెళ్లినప్పుడు వైద్యుడిని అడగమనాలి.

తోటి రోగి చాలని సమయం

రెండు వారాలకు పైగా దిగులు వీడకపోయినా, ఇష్టమైన పనులపైనా ఆసక్తి పోయినా, తిండి నిద్రలు కరవైనా అది ఓదార్పుతో తగ్గే స్థితి దాటినట్లే. వైద్యుడికి తప్పక చెప్పాలి. దీనికి చికిత్స ఉంది. అయితే గుండె రోగులకు కుంగుబాటు మందులన్నీ సరిపడవు కనుక సొంతంగా కొనుక్కోకూడదు. చనిపోవాలన్న ఆలోచన వస్తే క్షణమైనా జాగు చేయరాదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవలో 14416 నంబరుకు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఛాతీలో నొప్పి, బరువు కొన్ని నిమిషాలకు మించి కొనసాగినా, చేతికి, దవడకు పాకినా, చెమటలు, ఆయాసం, స్పృహ తప్పడం కనిపించినా ధైర్యవచనాలతో కాలయాపన చేయకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలి. కుట్ల వద్ద ఎరుపు, చీము, జ్వరం, ఛాతీ ఎముక కదులుతున్నట్లు అనిపించడం, మలంలో రక్తం లేదా మలం నల్లగా రావడం కూడా అదే రోజు వైద్యుడికి చూపించవలసినవే. వీటిని ముందుగా గుర్తించి ‘పద, ఆసుపత్రికి వెళదాం’ అని వెంట నడిచే తోటి రోగి ఉన్న ఊరిలో, కొత్తగా గుండె చికిత్స చేయించుకుని వచ్చిన మనిషి కాస్త నిశ్చింతగా నిద్రపోగలుగుతాడు.